పన్నెండు పొనికి ముక్కలతో జర్మనీకి

నిర్మల్ నుంచి హైదరాబాద్‌కు పొద్దున వెళ్ళే బస్సుల్లో ఆరున్నరది మంచిది. టికెట్ తీసుకునేటప్పుడు కుడివైపు కిటికీ సీటు అడగాలి. దారి దక్షిణానికి పోతుంది కాబట్టి కామారెడ్డి దాటేవరకు ఎండంతా ఎడమవైపు వాళ్ళ మీదే పడుతుంది. సెప్టెంబరులో నేను రెండోసారి జర్మనీకి బయలుదేరింది ఈ బస్సులోనే. మొదటిసారి వెళ్ళినప్పుడు చుట్టూ చూసుకునేంత స్థిమితం లేదు. వీసా కాగితాలు సరిగా ఉన్నాయా, బ్యాంకులో డబ్బు చూపించిన పత్రం ఎక్కడ పెట్టాను అన్న కంగారే దారంతా. ఈసారి కాగితాల భయం లేదు. భయమల్లా ఒక మూట గురించి.

ముందు ఆ మూట సంగతి చెప్పాలి. నేను జర్మనీలో చదివేది చెక్క ఇంజినీరింగు. ఏ చెక్క ఎంత బరువు మోస్తుంది, ఎంత తేమ పీలుస్తుంది, ఎక్కడ విరుగుతుంది, ఇదే చదువు. మొదటి ఏడాది అయ్యాక మా ప్రొఫెసర్ హన్నా నన్ను పిలిచి, "థీసిస్‌కు ఏ చెక్క తీసుకుంటావు? మా అడవుల్లోని బీచ్ చెట్టు చెక్క మీద ఇప్పటికే చాలామంది చేశారు. మీ ఊళ్ళో ఏది ఉంది?" అని అడిగింది. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కట్టె గురించి చెప్పాను. ఆ పేరు ఆమె వినలేదు. వినకపోవడమే ఆమెకు నచ్చింది. "తీసుకురా. అక్టోబరు మొదటి వారం పరీక్ష యంత్రం నీ పేరు మీద రాస్తాను" అంది.

ఆ యంత్రం కోసం ఏడాది పొడవునా వరుస ఉంటుంది. ఆ వారం తప్పితే మళ్ళీ ఏప్రిల్‌లోనే. నా నివాస అనుమతి గడువు అంతకు ముందే ముగుస్తుంది. అంటే ముక్కలు సరైన స్థితిలో చేరితే చదువు అనుకున్నట్టు పూర్తవుతుంది, లేకపోతే లేదు.

సెలవులకు నిర్మల్ రాగానే పని మొదలుపెట్టాను. మా మేనమామ రాజన్న బొమ్మలు చెక్కుతాడు. ఆయన దగ్గర ఏడాదిగా ఆరిన పొనికి దుంగలోంచి పన్నెండు ముక్కలు కోయించాను. ఒక్కొక్కటి సరిగ్గా ఇరవై మిల్లీమీటర్ల మందం, అంతే వెడల్పు, మూరెడు కన్నా కాస్త తక్కువ పొడవు. వెర్నియర్‌తో కొలిచి, తేడా వచ్చినవి పక్కన పెట్టి, మళ్ళీ కోయించాను. వాటిని హైదరాబాద్ తీసుకుపోయి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం తెచ్చాను. మీలో ఎవరైనా చెక్క గానీ గింజలు గానీ ఐరోపాకు తీసుకెళ్తే ఈ పత్రం మరచిపోవద్దు. అందులో "పూత లేని, ఆరిన చెక్క ముక్కలు, పన్నెండు" అని రాసి ముద్ర వేశారు. ముక్కలను మామ ఇంట్లో పెట్టి, ఆదిలాబాద్‌లో ఉన్న మా అక్కను చూడటానికి వెళ్ళి వారం ఉన్నాను. తిరిగొచ్చేసరికి అత్త లక్ష్మి ఆ పన్నెండింటినీ తెల్ల గుడ్డలో చుట్టి, చుట్టూ కుట్టేసి సిద్ధంగా ఉంచింది.

"విప్పకు అల్లుడా, దారిల మురికైతయి. అక్కడికి పోయినంకనే విప్పు" అంది.

కుట్టు అంత నీటుగా ఉంటే విప్పబుద్ధి కాలేదు. మూట చేతిలోకి తీసుకుంటే అనుకున్నదానికన్నా బరువుగా తోచింది. గుడ్డ బరువేమో అనుకుని సూట్‌కేసులో పెట్టాను. బస్టాండులో చేతి తూకంతో తూస్తే విమానంలో అనుమతించే ఇరవై మూడు కిలోల పరిమితి దాటి మూడు వందల గ్రాములు ఎక్కువ వచ్చింది. ఇంట్లో వేసిన లెక్క ప్రకారం సరిగ్గానే ఉండాలి. ఎక్కడ తప్పానో తెలియక, అత్త పెట్టిన మామిడి తొక్కు సీసా తీసి మామ చేతికిచ్చాను.

"గిదేందిరా, తొక్కు లేకుంట ఏం తింటవు అక్కడ?"

"బరువు ఎక్కువైంది మామా."

"బరువైతే నీ పుస్తకాలల్ల ఒకటి తీయ్. తొక్కు తీస్తవా?" అని మామ నవ్వాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీ పట్టుకుని, "మూట విప్పినంక ఫోన్ చెయ్యి. మీ అత్త ఎదురుచూస్తది" అన్నాడు. చేరాక ఫోన్ చేయమంటున్నాడని అనుకున్నాను.

పక్క సీటులో భైంసా పత్తి వ్యాపారి ఒకాయన. ఆర్మూరు దాకా ఫోన్‌లో పత్తి తేమ గురించి ఎవరితోనో వాదించాడు. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగాడు.

"ఏం చదువుతున్నవు బాబూ?"

"చెక్క గురించి చదువుతున్నానండీ. జర్మనీలో."

"కట్టె గురించి సదవనీకి జర్మనీ పోవాల్నా? మా భైంసల కట్టెల అడితి ఉన్నది. నాలుగు దినాలు కూసో, అన్నీ తెలుస్తయి."

పత్తిలో తేమ ఎలా చూస్తారని అడిగాను. గుప్పిట్లో పట్టి పిసికి చెవి దగ్గర పెట్టుకుంటానని చెప్పాడు. "మరి యంత్రం లేదా?" అంటే, "యంత్రం కూడ ఉన్నది. నేను చెప్పిందే యంత్రం చెప్తది. యంత్రం చెప్పిందే రైతు నమ్ముతడు" అన్నాడు. కామారెడ్డిలో బస్సు ఆగినప్పుడు నాకు కూడా టీ తెచ్చాడు. డబ్బులివ్వబోతే, "ఉండనీ. నీ కట్టెల చదువు అయినంక మా అడితికి సలహా చెప్దువు" అన్నాడు.

పదకొండు దాటాక జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగాను. అక్కడి నుంచే విమానాశ్రయానికి నేరుగా బస్సులున్నాయి. సామాను ఎక్కువున్నా ఆటో అక్కర్లేదు. విమానం సాయంత్రం. ముందుగానే వెళ్తే వరుసలో నిలబడే బాధ ఉండదు. గల్ఫ్‌లో దిగి మారాల్సిన విమానం కాబట్టి సగం సీట్లలో కరీంనగర్, జగిత్యాల వైపు వాళ్ళే ఉన్నారు. నా పక్కాయన ఎనిమిదేళ్ళుగా అక్కడ ఎలక్ట్రీషియన్. బెల్టు ఎలా పెట్టుకోవాలో వెనక సీటు కొత్తవాళ్ళకు చూపించి కూర్చుని, "మీరు చదువుకా? మేం కొలువుకు. విమానం మాత్రం ఒక్కటే, సీటు గూడ ఒక్క తీరే" అన్నాడు. దిగేటప్పుడు చేతి సంచిలోంచి సకినాల పొట్లం తీసి సగం నాకు పెట్టాడు. "మీ జర్మనీల ఇవి దొరకయి. జర జాగ్రత్త. కొత్త దేశంల ఫికర్ చెయ్యకు, అన్నం మాత్రం టైముకు తిను" అన్నాడు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేసరికి మర్నాటి ఉదయం. సామాను తీసుకున్నాక రెండు దారులుంటాయి. చూపించాల్సింది ఏమీ లేని వాళ్ళకు ఆకుపచ్చ దారి, ఉన్న వాళ్ళకు ఎర్ర దారి. నా దగ్గర ధ్రువపత్రం ఉంది కాబట్టి ధైర్యంగా ఎర్ర దారిలోకి వెళ్ళాను. బల్ల వెనక యాభై దాటిన ఆవిడ కూర్చుంది. పత్రం రెండుసార్లు చదివి, "పూత లేని చెక్క. మంచిది. చూపించండి" అంది. చిన్న కత్తెర ఇచ్చింది. అత్త కుట్టిన కుట్లు ఒక్కొక్కటీ కత్తిరించి గుడ్డ విప్పాను.

పన్నెండు ముక్కలూ రంగుల్లో మెరుస్తున్నాయి.

ఒకదాని మీద చిలుకలు, ఒకదాని మీద మామిడి పిందెలు, ఒకదాని మీద వరుసగా ఏనుగులు. అంచులకు బంగారు రంగు గీత. ఒక్క అంగుళం చెక్క కూడా కనబడటం లేదు. ఆవిడ ముక్కల వైపు, పత్రం వైపు, నా ముఖం వైపు చూసింది. నేను ఆవిడ కన్నా ఎక్కువ ఆశ్చర్యంతో ఉన్నానని అర్థమైనట్టుంది.

"ఇవి మీవేనా?"

"నావే. కానీ... నేను ఇచ్చినప్పుడు ఇలా లేవు."

"ఎవరు చేశారు?"

"మా అత్త."

ఆవిడ ఇంకొకరిని పిలిచింది. ఇద్దరూ ఏనుగుల ముక్కను వెలుతురుకు పట్టి చూశారు. పత్రంలో రాసినదానికీ వస్తువుకూ పొంతన లేదు. తీసి పక్కన పెట్టేస్తారేమోనని నా విశ్వవిద్యాలయం కార్డు కూడా తీసి బల్ల మీద పెట్టాను. చివరికి ఆవిడ పత్రం మడిచి నాకిచ్చి, "పూర్తయిన చేతివృత్తి వస్తువుకు ఈ పత్రం అవసరమే లేదు. మీ అత్త మీ పని తేలిక చేసింది" అని నవ్వింది. నేను కూడా నవ్వాల్సింది, కానీ నవ్వు రాలేదు. ఆవిడకు తేలికైన పనే నాకు కష్టమైంది. పరీక్షకు కావాల్సింది పూత లేని చెక్క. బస్టాండులో తేలిన మూడు వందల గ్రాములు ఎక్కడివో అప్పుడు తెలిసింది. తొక్కు సీసా గుర్తొచ్చింది.

అక్కడి నుంచి నేను చదివే ఊరికి రైలు. విశ్వవిద్యాలయంలో చేరిన ప్రతి విద్యార్థికీ ఫీజుతో పాటే రైలు టికెట్ కూడా వస్తుంది. దానితో ప్రాంతీయ రైళ్ళలో ఎక్కడికైనా తిరగొచ్చు. వేగంగా వెళ్ళే రైళ్ళు మాత్రం ఎక్కకూడదు. రెండుచోట్ల మారితే నాలుగున్నర గంటల ప్రయాణం. కిటికీ బయట అడవి మొదలయ్యాక మామ నుంచి మెసేజ్ వచ్చింది. "విప్పినవా? ఎట్లున్నయి?" "చాలా బాగున్నాయి మామా" అని రాశాను. అది అబద్ధం కాదు. అంత బాగున్న వస్తువు ఆ రైలులో ఇంకెవరి దగ్గరా లేదు.

మా విశ్వవిద్యాలయం గురించి చెప్పాలంటే ముందుగా తాళం చెవి గురించి చెప్పాలి. చేరిన రెండో వారంలోనే ప్రయోగశాల తాళం చెవి నా చేతికిచ్చారు. లక్షల విలువైన యంత్రాలున్న గది అది. ఎప్పుడు వస్తావు, ఎందుకు వస్తావు అని ఎవరూ అడగరు. వాడిన పరికరం శుభ్రం చేసి తిరిగి పెట్టాలి, అంతే. మధ్యాహ్నం భోజనశాలలో ప్రొఫెసర్ కూడా మాలాగే ట్రే పట్టుకుని వరుసలో నిలబడుతుంది. పేరు పెట్టి పిలవమంటారు. నాకు ఇప్పటికీ నోరు రాక "ప్రొఫెసర్" అనే అంటాను. తెలియని విషయం తెలియదని చెబితే అక్కడ మార్కులు పోవు. "ఎలా తెలుసుకుంటావు?" అని తర్వాతి ప్రశ్న వస్తుంది. మొదటి ఏడాది నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ ప్రశ్నే.

మర్నాడు ఉదయం తొమ్మిదికి గుడ్డ మూటతో హన్నా గదికి వెళ్ళాను. దారిలో ఏం చెప్పాలో జర్మన్‌లో తయారు చేసుకున్నాను. మూట విప్పగానే ఆ వాక్యాలన్నీ మరచిపోయాను. ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది.

"ఇది ఏమిటి?"

"పొనికి. లోపల ఉంది."

ఆమె పకపకా నవ్వింది. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని చిలుకల ముక్కను తిప్పి తిప్పి చూసింది. నేను సమస్య వివరించాను. ముక్కలను సరిగ్గా ఇరవై మిల్లీమీటర్లకు కోయించాను. పూత చెక్కలోకి ఇంకి ఉంటుంది. దాన్ని గీకేస్తే కొలత తగ్గిపోతుంది. కొలత తగ్గితే పరీక్ష చెల్లదు. కొత్త ముక్కలు తెప్పించేంత సమయం లేదు, ఎందుకంటే యంత్రం ఎక్కే ముందు ముక్కలు రెండు వారాలు స్థిరమైన తేమ ఉన్న గదిలో ఉండాలి.

"సరిగ్గా ఇరవైకి ఎందుకు కోయించావు?" అని అడిగింది.

"పరీక్ష ప్రమాణంలో అంతే ఉంది కదా."

"మేమెప్పుడూ కాస్త మందంగా కోసి తెస్తాం. ఇక్కడికొచ్చాక సరిచేస్తాం." తప్పు పట్టినట్టు కాకుండా మామూలుగా చెప్పింది. "పద, చూద్దాం."

సన్నటి రంపంతో ఒక ముక్క చివర అడ్డంగా కోసింది. కోత ముఖాన్ని భూతద్దం కింద పెట్టి నన్ను చూడమంది. లోపల చెక్క తెల్లగా, ఎండిన రొట్టెలా గుల్లగా ఉంది. అంచున పూత ఇంకిన గీత గోధుమ రంగులో కనబడుతోంది. గోరు మందం కూడా లేదు. ఆమె కొలిచింది, నేను కూడా కొలిచాను. తర్వాత పుస్తకాల అర నుంచి ఒక పాత ప్రమాణాల సంపుటం తీసి పేజీ వెతికి పట్టుకుంది. పొడవుకూ మందానికీ నిష్పత్తి మారనంతవరకు చిన్న ముక్కలతో కూడా పరీక్ష చేయొచ్చు, నివేదికలో కారణం రాయాలి అని అందులో ఉంది.

"ఆరు ముక్కల పూత తీసి పదహారుకు తగ్గిద్దాం. అవి నీ పరీక్షకు. మిగిలిన ఆరు ముట్టుకోవద్దు" అంది.

"అవి ఎందుకు?"

"పూత లేని చెక్క ఎంత తేమ పీలుస్తుందో, పూత ఉన్నది ఎంత పీలుస్తుందో పక్కపక్కన పెట్టి చూడవా? ఇంజినీరువు కదా? ఈ పూత దేనితో చేస్తారు?"

చింతగింజల జిగురు అన్నంతవరకు తెలుసు. ఎంత ఉడకబెడతారో, ఏ పాళ్ళలో కలుపుతారో తెలియదు. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లోనే తిరిగాను, అయినా ఒక్కసారి కూడా అడగలేదు. "తెలియదు" అన్నాను. ఆమె ఏం అడుగుతుందో నాకు తెలుసు. ఆమె అడిగేలోపే ఫోన్ తీశాను.

నిర్మల్‌లో అప్పుడు మధ్యాహ్నం. అత్త వీడియోలో కనబడింది. ముఖం నిండా సంతోషం. "విప్పినవా అల్లుడా? చిలుకలు మంచిగొచ్చినయా? ఏనుగులు మీ మామ ఏసిండు. కండ్లు సరిగ పెట్టలే, నేనే దిద్దిన."

"చాలా బాగున్నాయి అత్తా. కానీ వీటికి రంగు ఎందుకు వేశారు?"

"గట్లడుగుతవేందిరా? బోసి కట్టె మన ఇంట్లకెళ్ళి గడప దాటుతదా? పుట్టింటి నుంచి పోయే పిల్లకు బొట్టు పెట్టకుంట పంపుతమా? గంత పెద్ద సదువుల కాడికి పోతున్నది కట్టె."

నేను జర్మన్‌లో చెప్పాను. హన్నా తల ఊపింది. తర్వాత అత్తకు పరీక్ష సంగతి చెప్పక తప్పలేదు. పూత లేని చెక్క కావాల్సి ఉండిందని చెప్పగానే ఆ ముఖంలో సంతోషమంతా మాయమైంది.

"అంటే నీ సదువు ఖరాబ్ చేసిన్నా అల్లుడా? అయ్యో, నాకు జెప్పకపోతివి. మీ మామకన్న జెప్పకపోతివి..."

"లేదు అత్తా, పరేషాన్ కావద్దు. మేడం దారి చూపింది. నీ పూత గురించే అడుగుతోంది."

"నన్నా? ఆ మేడమా?" కొంగు సర్దుకుంది. హన్నా చేయి ఊపింది. అత్త కూడా ఊపి, నాతో గొంతు తగ్గించి, "మంచిగున్నది. సన్నగున్నది గాని, మంచిగున్నది. అన్నం తింటదా?" అంది.

తర్వాత ముప్పావు గంట వాళ్ళిద్దరికీ మధ్య నేను. చింతగింజలు వేయించి పొట్టు తీసి నానబెట్టాలి, ఉడకబెట్టాలి, రుబ్బాలి, సన్నని రంపపు పొట్టు కలపాలి, రాసి ఆరబెట్టాలి, దాని మీద సుద్ద. హన్నా ప్రతిదానికీ ఎంత అని అడిగేది. అత్త గిన్నె తెచ్చి చూపించేది. గిన్నె మీద స్కేలు పెట్టి కొలవమని మామను పిలిచాం. మామ వంగి కొలుస్తుంటే అత్త, "సరిగ సూడుండ్రి, ఏనుగు కండ్ల లెక్క కావద్దు" అంది. అత్త ఏమందని హన్నా అడిగింది. చెబితే మళ్ళీ నవ్వింది. ఎంతసేపు ఉడకబెట్టాలో తేల్చడం మాత్రం కుదరలేదు. "చిక్కబడిందాక" అన్నది అత్త. చివరికి ఆమె ఉడకబెట్టేటప్పుడు మామ ఫోన్‌లో సమయం చూసి రాసి పంపాలని తీర్మానించాం. మర్నాడు పంపాడు.

అక్టోబరు మొదటి వారం యంత్రం మీద నా ముక్కలు ఎక్కాయి. పొనికి బీచ్ చెక్కలో సగం బరువు కూడా లేదు. తన బరువుతో పోలిస్తే అది మోసిన భారం చూసి పక్క బల్ల దగ్గరి ఫిన్లాండ్ అమ్మాయి కూడా లేచి వచ్చి చూసింది. తేమ గదిలో పూత లేని ముక్కల బరువు మొదటి రోజునే పెరిగింది. చిలుకల ముక్కలు చాలా నెమ్మదిగా పెరిగాయి. థీసిస్‌లో ఒక అధ్యాయం అనుకున్నది రెండయింది. ఫిబ్రవరి చివర నివాస అనుమతి ఉండగానే సమర్పించాను. మౌఖిక పరీక్షలో ఒక పరీక్షకుడు, పూత పొరల మధ్య సుద్ద ఏం చేస్తుందని అడిగాడు. "తెలియదు. తెలుసుకోవాలంటే సుద్ద లేకుండా ఆరు ముక్కలు చేయించాలి" అన్నాను. ఆయన రాసుకున్నాడు. ఉత్తీర్ణుడినయ్యాను.

బయలుదేరే ముందు హన్నా నాకొక చెక్క ముక్క ఇచ్చింది. లిండెన్. అక్కడి వాళ్ళు బొమ్మలు చెక్కేది దానితోనే. చక్కగా చిత్రిక పట్టి ఉంది. "మీ అత్తకు. దీనికి నేను ఏమీ పూయలేదు. అది ఆమె పని" అంది. ఏనుగుల ముక్కను మాత్రం తిరిగి ఇవ్వలేదు. అది ప్రయోగశాల అద్దాల బీరువాలో ప్రపంచం నలుమూలల చెక్కల మధ్య ఉంది. కింద చీటీలో పొనికి అని, నిర్మల్ అని, తయారుచేసిన వారి పేరు లక్ష్మి అని ఉంది. ఆ బీరువాలో మనిషి పేరున్న చీటీ అదొక్కటే.

ఇంటికి తిరుగు ప్రయాణం మార్చి చివర. హైదరాబాద్‌లో దిగి, జూబ్లీ బస్‌స్టేషన్‌లో మధ్యాహ్నం బస్సు పట్టుకున్నాను. ఆ వేళకు ఎండ పడమటికి వాలుతుంది, బస్సు ఉత్తరానికి పోతుంది, కాబట్టి మళ్ళీ కుడివైపే కూర్చోవాలి. ఆర్మూరులో ఒక పెద్దమ్మ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఒళ్ళో పెళ్ళి సంచి, అందులో పసుపు కుంకుమ పొట్లాలు. నా చేతిలోని లిండెన్ ముక్క చూసింది.

"గదేంది బిడ్డా, కట్టె పట్టుకొని కూసున్నవు?"

"జర్మనీ కట్టె పెద్దమ్మా. మా అత్తకు. బొమ్మలు చేస్తుంది."

"మరి గింత దూరం బోసిగనే అచ్చిందా?"

ఆ మాటకు నవ్వొచ్చింది. వాళ్ళ దేశంలో బోసిగానే ఇస్తారని చెప్పాను. మన చేతులు ఎలా పని చేస్తాయో చూడాలని, పని మనకే వదిలి పంపుతారని చెప్పాను. ఐరోపాలో చదువుకోవడానికి వెళ్ళాలనుకునేవాళ్ళు నన్ను అడిగితే నేను చెప్పేది కూడా ఇంతే. అక్కడ ఎవరూ పూత వేసి ఇవ్వరు. చెక్క ఇస్తారు, తాళం చెవి ఇస్తారు, ఎలా తెలుసుకుంటావని అడుగుతారు. మిగిలింది మనం ఇంటి నుంచి తీసుకెళ్ళిందే. ఏం తీసుకెళ్తున్నామో బయలుదేరే ముందే ఒకసారి అడిగి తెలుసుకుంటే మంచిది. నేను ఆలస్యంగా అడిగాను.

గోదావరి వంతెన దాటాక, సోన్ దగ్గర, పెద్దమ్మను కాస్త కుంకుమ అడిగాను. ఆమె ఎందుకని అడగలేదు. పొట్లం విప్పి పట్టుకుంది. వేలు అద్ది, లిండెన్ ముక్క మధ్యలో చిన్న బొట్టు పెట్టాను. నిర్మల్ బస్టాండులో మామ తొక్కు సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు.